వెదురింటికి అడగని కాగితం

పాపికొండల జాతీయ పార్కులో ఒక గోడ లేవాలంటే ఎన్ని సంతకాలు కావాలి?

గండిపోచమ్మ గుడి రేవులో లాంచీ ఎక్కాక మొదటి గంట ఎవరూ కొండల వంక చూడరు. ఉప్మా పొట్లాలు విప్పుకోవడం, పిల్లలకి లైఫ్ జాకెట్లు బిగించడం, మైకులో పాటకి ఎవరో బావగారు లేచి స్టెప్పులెయ్యడం, వీటితోనే సరిపోతుంది. ఆ తర్వాత ఏదో మలుపులో గోదారి సన్నబడుతుంది. రాజమండ్రి దగ్గర అవతలి ఒడ్డు ఆనవాలు కట్టడమే కష్టమనిపించే నది, ఇక్కడ రెండు కొండల మధ్య ఒదిగి ఒదిగి పోతుంది. పాటలు ఆగిపోతాయి. అప్పుడు ప్రతి లాంచీలోనూ కనీసం ఒకరైనా ఒకే మాట అంటారు: "ఇక్కడే ఓ చిన్న ఇల్లు కట్టేసుకుని ఉండిపోతే బావుణ్ణండీ." నేనూ అన్నాను. రెండుసార్లు.

అనడానికి ఖర్చేం లేదు. కట్టడానికి ఏం కావాలో కనుక్కుందామని కూర్చుంటే ఆ చిన్న ఇంటి కథ ఢిల్లీలో ప్రధానమంత్రి అధ్యక్షుడిగా ఉండే బోర్డు దాకా పోయింది. అక్కణ్ణించి తిరిగొచ్చి ఈ కొండల మీది ఒక వెదురు తడిక దగ్గర ఆగింది.

అడవిదున్నకి మేలు జరగాలి

పాపికొండల అడవిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. 2008లో జాతీయ పార్కు చేశారు. విస్తీర్ణం 1012.86 చదరపు కిలోమీటర్లు. అప్పటి లెక్కలో తూర్పు, పశ్చిమ గోదావరి, ఖమ్మం జిల్లాల అడవులు. 2014లో పోలవరం ముంపు మండలాలు ఇటొచ్చాయి, 2022లో జిల్లాలు మళ్ళీ విడిపోయాయి. ఇప్పుడు ఏ కొండ ఏ జిల్లాదో చెప్పాలంటే ఇక్కడివాళ్ళే ఓ క్షణం తడుముకుంటున్నారు. అడవికి మాత్రం ఈ గొడవ లేదు. అడవిదున్నలు, కొండగొర్రెలు, రేసుకుక్కలు, రాతి సందుల్లో బంగారు రంగు బల్లులు ఏ గెజిట్టూ చదవకుండానే తిరుగుతున్నాయి.

అభయారణ్యం, జాతీయ పార్కు ఒకటేననుకుంటాం మనం. బోర్డు రంగు తప్ప తేడా కనబడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దృష్టిలో ఆ తేడా ఇంటి గడపంత ఎత్తుంటుంది. అభయారణ్యంలో కలెక్టరు విచారణ జరిపి, వన్యప్రాణి విభాగం పెద్దతో మాట్లాడి, అక్కడున్నవాళ్ళ హక్కులు కొన్ని సాగనివ్వచ్చు. పార్కులో ఆ వెసులుబాటు లేదు. చట్టం 35వ సెక్షను ప్రకారం తుది ప్రకటనకు ముందే ఆ గీత లోపలి భూమి మీద హక్కులన్నీ ప్రభుత్వానికి దఖలు పడిపోవాలి. గొడ్లు మేయకూడదు. జంతువుల నెలవు చెరపకూడదు. వాగు దారి మళ్ళించకూడదు. ఈ చివరి రెండిటిలో ఏది చెయ్యాలన్నా రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ పర్మిట్టు ఉండాలి. ఆయన ఆ పర్మిట్టు ఇవ్వాలంటే, జాతీయ వన్యప్రాణి బోర్డును సంప్రదించిన మీదట, ఈ పని వన్యప్రాణుల మంచికే అవసరమని రాష్ట్ర ప్రభుత్వం నమ్మాలి.

మీ మంచికి కాదు, వన్యప్రాణి మంచికి. అంటే లాంచీలో ఇల్లు కోరుకున్న పెద్దమనిషి, తన వరండాలో వాలుకుర్చీ వేసుకోవడంవల్ల అడవిదున్నకి ఒనగూడే లాభమేమిటో రుజువు చెయ్యాలి.

ఇంగ్లండులోనూ జాతీయ పార్కులున్నాయి. 1949లో చట్టం, 1951లో మొదటి పార్కు, పీక్ డిస్ట్రిక్ట్. అక్కడ పార్కు లోపల ఊళ్ళున్నాయి, పొలాలున్నాయి, చాలా నేల సొంతదారులదే. పార్కు సంస్థే ఆ ప్రాంతానికి ప్లానింగు ఆఫీసు కూడా. గోడ రాయి ఏ రంగుండాలి, కిటికీ ఎంత వెడల్పుండాలి అని వాళ్ళు బేరాలాడుకుంటారు. మనం పట్టుకున్న నమూనా వేరు. 1872లో అమెరికావాళ్ళు ఎల్లోస్టోన్‌లో మొదలెట్టిన పద్ధతి మనది. అడవి అంటే మనుషులు లేని చోటు అన్నది అందులో మూలసూత్రం. పాపికొండల్లో ఆ సూత్రం మొదటి రోజునే తప్పింది, ఎందుకంటే ఇక్కడ మనుషులున్నారు. పార్కు కంటే, జిల్లాల కంటే ముందునుంచీ ఉన్నారు.

వాళ్ళ సంగతి చెప్పుకునే ముందు లాంచీ పెద్దమనిషికి మిగతా తలుపులు కూడా మూసేద్దాం. పార్కు గీతకి బయట, ఏజెన్సీ ఊళ్ళో సెంటు భూమి కొందామంటే వన్ ఆఫ్ సెవెంటీ అడ్డం. 1959 నాటి భూబదలాయింపు నిబంధనకి 1970లో చేసిన సవరణ అది. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుడి పేర భూమి మారదు. 1997లో సమతా కేసు తీర్పుతో సుప్రీంకోర్టు ఆ గొళ్ళాన్ని ఇంకాస్త బిగించింది, ప్రభుత్వం కూడా అక్కడి భూమిని ప్రైవేటు కంపెనీలకి లీజుకివ్వకూడదంది. రిజర్వు అడవిలో కట్టాలంటే 1980 అటవీ సంరక్షణ చట్టం కింద కేంద్రం ఒప్పుకోవాలి. పార్కు గీతనే కాస్త అవతలికి జరిపిద్దామంటే 2000 నవంబరు నుంచి సుప్రీంకోర్టు అనుమతి లేకుండా ఆ పని కుదరదు. అడవుల మీద ఆ ఉత్తర్వులన్నీ వచ్చిన కేసు పేరు గోదావర్మన్ కేసు. పేరు విని మన గోదారికి చుట్టమనుకునేరు, కేసు వేసినాయనది కేరళలోని నిలంబూరు.

కదలకూడదు, పాతుకోకూడదు

ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ 1940 దశకం మొదట్లో ఈ కొండల్లో తిరిగాడు. 1945లో ఇక్కడి గిరిజనులైన కొండరెడ్ల మీద పుస్తకం అచ్చేశాడు. ఇంగ్లీషువాళ్ళు ఈ కొండల్ని అడవిదున్నల కొండలనేవారు, పుస్తకం పేరులోనూ ఆ మాటే ఉంటుంది. అప్పట్లో ఒక ఒడ్డు నైజాముది, ఇంకో ఒడ్డు మద్రాసు ప్రభుత్వానిది. నది మీద ఉన్న సరిహద్దు కొండరెడ్డికి పట్టేది కాదు. ఈ కొండవాలు మీద పోడు కొట్టి నాలుగు పంటలు తీసి, నేల అలిసిపోగానే ఇంకో వాలుకి జరిగేవాడు. ఇల్లు కూడా అందుకు తగ్గట్టే ఉండేది. గుంజలు పాతి, వెదురు తడికలు కట్టి, మట్టి మెత్తి, పైన గడ్డి కప్పితే అయిపోయింది. వదిలి వెళ్ళిపోతే రెండు వానాకాలాల్లో అడవే దాన్ని తినేసేది.

అది పేదరికం అనుకుంటాం మనం. ఆ బతుక్కి అమరిన వాస్తు అది. కదిలేవాడి ఇల్లు బరువుగా ఉండకూడదు.

అడవికి గీతలు గీయడం 1882 మద్రాసు అటవీ చట్టంతో ఊపందుకుంది. ఆ గీతల మీద కోపం తర్వాతి రంప పితూరీకి ఎంత కట్టె అందించిందో ఇక్కడి పిల్లలకి కూడా తెలుసు. రిజర్వు అడవి గీత పడ్డాక పోడు జరగడానికి చోటు లేకపోయింది. ఊరు ఉన్నచోటే ఉండాలి. తర్వాత అభయారణ్యం, ఆ తర్వాత పార్కు. కొండరెడ్డి ఇంటికి ఒక వింత షరతు తయారైంది: కదలకూడదు, పాతుకోకూడదు.

సాధారణంగా ఇలాంటి అడవుల్లో పాత ఊళ్ళని, వాటి పట్టా నేలని గీత గుండ్రంగా చుట్టి వదిలేస్తారు. అటవీ శాఖవాళ్ళు ఎన్‌క్లోజరు అంటారు. ఆ చుట్టు లోపల ఇల్లు కట్టుకోవడానికి పంచాయతీ చాలు. చిక్కు ఇంటితో రాదు, ఇంటికి వచ్చే దారితో వస్తుంది. దారి పార్కులోంచి రావాలి. కరెంటు తీగ పార్కు మీదుగా లాగాలి. ఇసుక గోదాట్లోనే ఉంది, దానికి లోటు లేదు. సిమెంటు బస్తా, ఇనప ఊచ లాంచీలోనో, బీటు ఆఫీసరు కళ్ళముందునుంచి ట్రాక్టరు మీదో రావాలి. రోడ్డు వెడల్పు చెయ్యాలంటే మళ్ళీ ఢిల్లీ బోర్డు. ఊరికి అనుమతి ఉంది, ఊళ్ళోకి వచ్చే తోవకి లేదు.

2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. ఏజెన్సీలో దాన్ని ఎవరూ ఆ పేరుతో పిలవరు, "ఆర్‌వోఎఫ్‌ఆర్ పట్టా" అంటారు. 2005 డిసెంబరు 13 నాటికి అడవి నేల మీద ఉన్న గిరిజన కుటుంబానికి, నాలుగు హెక్టార్లకి మించకుండా, సాగుకీ నివాసానికీ హక్కు. ఆ చట్టంలో అడవి అంటే జాతీయ పార్కు కూడా అని రాసే ఉంది. బడి, అంగన్‌వాడీ, మంచినీళ్ళు, రోడ్డు వంటి 13 రకాల ఊరుమ్మడి అవసరాలకి ఒక్కోదానికి హెక్టారు లోపు, హెక్టారుకి 75 చెట్లు మించి కొట్టకుండా, గ్రామసభ సిఫారసుతో అడవి నేల ఇవ్వచ్చనీ ఉంది. కాగితం మీద ఇంతకన్నా మంచి చట్టం ఈ కొండలు చూడలేదు. అయితే ఆ పట్టా వారసులకి వస్తుంది, అమ్ముకోడానికి పనికిరాదు, తాకట్టుకీ పనికిరాదు. కాబట్టి దాన్ని చూసి ఇంటికి అప్పిచ్చే బ్యాంకు ఉండదు. పైగా ఆ పట్టా ఉన్న నేలలో స్లాబు వెయ్యచ్చా అని అడిగితే రెవెన్యూవాళ్ళు అటవీ శాఖ వైపు, వాళ్ళు ఐటీడీఏ పీవో వైపు చూడకుండా ఉండరు. రంపచోడవరం, చింతూరు, కోట రామచంద్రపురం, మూడు ఐటీడీఏల కింద ఈ కొండలున్నాయి. చూడ్డానికి వైపులకి కొదవలేదు.

2023 నవంబరు 15న కేంద్రం పీఎం జన్‌మన్ పథకం మొదలెట్టింది. కొండరెడ్ల వంటి ఆదిమ గిరిజన తెగలకి 4.90 లక్షల పక్కా ఇళ్ళు కట్టిస్తామంది, ఇంటికి 2 లక్షల రూపాయల సాయం. ఒక మంత్రిత్వ శాఖ వచ్చి పక్కా ఇల్లు కట్టుకోమంటోంది. ఇంకో మంత్రిత్వ శాఖ చట్టం పక్కాగా ఏదీ కట్టొద్దంటోంది. ఇద్దరికీ మధ్య ఒక తడిక గోడ నిలబడి ఉంది.

వెదురు వెళ్ళి కాగితమైంది

సరే, వెదురిల్లు కట్టుకుంటే ఏ కాగితమూ అక్కర్లేదు గదా అనుకున్నాను. అదీ నిజం కాదు. పార్కులోంచి వెదురు కొట్టడం, గడ్డి కోయడం కూడా 35వ సెక్షను కిందకే వస్తాయి. 2000 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు జాతీయ పార్కుల్లోంచి ఎండుచెట్లు, గడ్డి కూడా తియ్యొద్దంది. చుట్టుపక్కల జనం సొంత వాడకానికి కొంత ఇవ్వచ్చని చట్టంలో చిన్న సందు ఉంది. అదీ మేనేజ్‌మెంటు కోసం శాఖ తీసిన సరుకుకే. కాబట్టి ఆ కొండమీది వెదురింటికీ కాగితం కావాల్సిందే. ఎవరూ అడగరు, అంతే. అడగనంతకాలం అది ఇల్లు. అడిగిన రోజు నేరం. రేంజరు మంచివాడైతే గోడ నిలుస్తుంది, బదిలీ అయితే తెలీదు.

ఈ కొండల వెదురు కథ ఇక్కడ రాజమండ్రి దాకా వస్తుంది. మా ఊరి పేపరు మిల్లు కొన్ని దశాబ్దాలపాటు ఏజెన్సీ వెదురుతో నడిచింది. లారీలకి లారీలు వెదురు దిగేది. ఊరు దాటుతుంటే వచ్చే ఆ మిల్లు వాసన మా తరానికి చిన్నప్పటి జ్ఞాపకం. తర్వాత మిల్లు సుబాబులుకీ సరుగుడుకీ మారింది. అటవీ హక్కుల చట్టం వచ్చి వెదురుని గిరిజనుల చిన్నతరహా అటవీ ఫలసాయంలో చేర్చేదాకా, అది శాఖ లెక్కలో కలపే. మిల్లుకి పోయిన వెదురుకి లీజు కాగితాలు ఉండేవి, పర్మిట్లు ఉండేవి, రేటు ఉండేది. ఇంటి తడికకి కొట్టుకున్న నాలుగు బొంగులకి మాత్రం ఏదీ ఉండేది కాదు. ఈ కొండల వెదురుతో తయారైన తెల్లకాగితాల మీద ఎన్ని ఆఫీసులు ఎన్ని ఉత్తర్వులు టైపు చేసుకున్నాయో గానీ, అందులో ఒక్క కాగితమూ వెనక్కి కొండెక్కలేదు.

వెదురుని పర్యాటకులు కూడా ఇష్టపడ్డారు. పేరంటపల్లి దాటాక కొల్లూరు ఇసుక తిన్నెల మీద వెదురు గుడిసెలు వేసి రాత్రి బస ఇచ్చేవారు. 2006లో 'గోదావరి' సినిమా వచ్చాక ఆ గుడిసెల్లో పడుకోవడం ఒక ముచ్చటైంది. అంతకు ముందు 1973లో 'అందాల రాముడు' కూడా ఈ నీళ్ళ మీదే భద్రాచలం వెళ్ళాడుగానీ, అప్పటి ప్రేక్షకుడికి పడవ మీద మనసుపడటమే తెలుసు, ఒడ్డున స్థలం వెతకడం తెలీదు. అదే తడిక, అదే గడ్డికప్పు. లాంచీ దిగినవాడికి అది కాటేజీ. పక్క ఊళ్ళోవాడికి అది కచ్చా ఇల్లు, పథకంలో పేరెక్కడానికి అర్హత.

కాటేజీలకి దారి తెరిచే పని చట్టం కూడా మొదలెట్టింది. పార్కులో వ్యాపారానికి లాడ్జీ కట్టాలంటే, ప్రభుత్వ లాడ్జీతో సహా, జాతీయ బోర్డు ముందస్తు అనుమతి ఉండాలన్న నియమం వన్యప్రాణి చట్టంలో ఉంది. అది ఉండగానే, 2023లో అటవీ సంరక్షణ చట్టాన్ని సవరించి, ప్రణాళికలో చేర్చిన ఎకో టూరిజం సదుపాయాలు "అటవీయేతర" పనే కాదన్నారు. అంటే అటవీ చట్టం ముందు కాటేజీ అడవి పనైపోయింది. నాకు ఇందులో రుచించనిది ఒకటే. పర్యాటకుడి మంచానికి అడవిలో చోటుందని ఒక వాక్యంతో తేల్చగలిగినప్పుడు, బాలింత మంచానికి చోటు తేల్చడానికి ఇన్ని శాఖలు ఎందుకు తిరగాలి? పార్కు అంచున మారేడుమిల్లిలో అటవీ శాఖ అండతో స్థానిక గిరిజనులే నడిపే కాటేజీలు మంచి మాదిరి. అవి చూసి వెనకాల పుట్టుకొస్తున్న గుడారాలూ, బొంగు చికెన్ బోర్డులూ, గిరిజనుడి పేరు ముందు పెట్టి మైదానం డబ్బు వెనక నిలబడే రిసార్టులూ మరో మాదిరి. వన్ ఆఫ్ సెవెంటీకి బినామీ పుట్టినంత తొందరగా ఆర్‌వోఎఫ్‌ఆర్‌కి పట్టా పుట్టదు.

నీటికి దొరికిన అనుమతి

ఈ కొండల్లో అన్నిటికన్నా పెద్ద కట్టడం ఇల్లూ కాదు, లాడ్జీ కాదు. పార్కు దిగువన గోదారికి అడ్డంగా లేస్తున్న పోలవరం. దానికీ ఇవే శాఖలు, ఇవే అనుమతులు. పర్యావరణ అనుమతి 2005 అక్టోబరులో వచ్చింది. వన్యప్రాణి అనుమతి 2006లో. 2007లో జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ పర్యావరణ అనుమతిని కొట్టేసింది, హైకోర్టు ఆ కొట్టివేతని ఆపింది. 3,731 హెక్టార్ల అడవి నేలకి తుది అటవీ అనుమతి 2010 జులైలో దొరికింది. ఐదేళ్ళలో ఫైలు అన్ని బల్లల మీదుగా నడిచి గట్టెక్కింది. నడిపించడానికి ఇంజనీర్లున్నారు, లాయర్లున్నారు, మంత్రులున్నారు. 2014 విభజన చట్టంతో జాతీయ ప్రాజెక్టు కూడా అయింది.

డెల్టావాణ్ణి నేను. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టకపోతే మా తాతలు ఏ ఊళ్ళో కూలికి పోయేవారో తెలీదు. పోలవరం వద్దనే నోరు నాకు లేదు. కానీ 45.72 మీటర్ల నీటిమట్టం కోసం 370కి పైగా జనావాసాలు లేవాలన్న లెక్కలో ఎక్కువ పేర్లు ఎవరివో చూస్తే, నీటికి దొరికిన అనుమతి ఇంటికి ఎందుకు దొరకలేదో అడగాలనిపిస్తుంది. అడవి మునిగితే దానికి బదులు మరోచోట మొక్కలు నాటాలి, నికర విలువ కట్టాలి. దానికి సూత్రాలున్నాయి. హెక్టారుకి ఇంత. తడికింటికి విలువ కట్టే ఇంజనీరు దగ్గర మాత్రం ఇటుక రేటు, సిమెంటు రేటు ఉంటాయి. సొంత చేత్తో కొట్టిన బొంగుకి ఏ రేటూ ఉండదు.

గీత తర్వాత గీస్తే ఏమవుతుందో చూడాలంటే దిగువకి, కొల్లేటికి వెళ్ళాలి. 1999లో ఐదో కంటూరు దాకా, 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమన్నారు. అందులో జిరాయితీ భూములున్నాయి, లంక ఊళ్ళున్నాయి, చేపల చెరువులున్నాయి. 2006లో సుప్రీంకోర్టు కమిటీ చెప్పిందని చెరువు గట్లు పేల్చేశారు. 2008లో శాసనసభ గీతని మూడో కంటూరుకి తగ్గించమని తీర్మానించింది. దాని మీద వేసిన అజీజ్ కమిటీ వచ్చి ఐదుకే ఉంచమంది. ఈ తగువు నడుస్తుండగానే ఆ చెరువులు చాలామటుకు మళ్ళీ లేచాయి. చెరువుకి డబ్బుంది. లంక ఊరి బ్రిడ్జికి మాత్రం ఇప్పటికీ ఫైలు తిరగాలి.

పోలవరం కట్ట పక్కనే మొదట లేచిన ఊళ్ళు ఏడు. దేవరగొంది, మామిడిగొంది, తోటగొంది, పైడిపాక, సింగన్నపల్లి, చేగొండపల్లి, రామయ్యపేట. వాళ్ళకి మైదానం వైపు కాలనీలు కట్టారు. వరసలు, సిమెంటు రోడ్డు, నీళ్ళ ట్యాంకు, ప్రతి ఇంటికీ నంబరు. అలాంటి ఒక కాలనీలోకి ఎండవేళ వెళ్ళాను. స్లాబు ఇళ్ళలో వేడికి ఎవరూ లేరు. చాలా ఇళ్ళ ముందు తడికలతో ఓ పాక వేసుకున్నారు, మంచాలు అందులో ఉన్నాయి, పొయ్యి అందులోనే ఉంది. స్లాబు కింద బియ్యం బస్తాలు, ఒక ట్రంకు పెట్టె. ఆ పెట్టెలో పట్టా, ప్యాకేజీ కాగితాలు, ఆధార్ జిరాక్సులు భద్రంగా ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఉన్నాయి. పాక తడికలకి వెదురు ఎక్కణ్ణించి తెచ్చారని అడిగాను. కొన్నారట.